పాసు ఎవరిది?

(రాజమండ్రిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం విమానాశ్రయాల్లో పనిచేసే స్త్రీల గుర్తింపు కార్డులు. అంగన్‌వాడీలు, రొయ్యల షెడ్లు, గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళు, కట్నం కేసులు ఇన్ని మన నెత్తిమీద ఉండగా విమానాల గొడవ మనకెందుకని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. మధురపూడి మనకి దూరమేం కాదు, పక్కనున్న కోరుకొండ మండలమే. 2012లో అక్కడ టెర్మినల్ కట్టారు, తరువాత రన్‌వే పొడిగించారు. 2023 డిసెంబరులో మరో పెద్ద టెర్మినల్‌కి శంకుస్థాపన చేశారు. 2024 డిసెంబరులో ముంబాయికి, ఢిల్లీకి నేరుగా విమానాలు మొదలయ్యాయి. విమానాలు పెరిగే కొద్దీ ఊడ్చేవాళ్ళు, తుడిచేవాళ్ళు, ట్రాలీలు తోసేవాళ్ళు, క్యాంటీన్లో గిన్నెలు కడిగేవాళ్ళు, కౌంటర్లలో గంటల తరబడి నిలబడే ఆడపిల్లలూ పెరుగుతారు. వీళ్ళు మన ఊళ్ళవాళ్ళే. విశాఖలో, హైదరాబాదులో ఈ పనుల్లో ఉన్న మన జిల్లాల పిల్లలు కూడా నా దగ్గరికి కాగితాలు పట్టుకుని వస్తుంటారు.

వాళ్ళ మెడలో ఒక కార్డు వేలాడుతుంటుంది. దాన్ని ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పర్మిట్ అంటారు. కార్మికులు మాత్రం పాసు అనే అంటారు, నేనూ అలాగే అంటాను.

నేను లాయర్ని కాను. ఆడవాళ్ళకి దరఖాస్తులు నింపిపెట్టడం, వాళ్ళతోపాటు ఆఫీసుల చుట్టూ తిరగడం కొన్నేళ్ళుగా నా పని. ఇవాళ చెప్పే అనుభవాలు ఏ ఊరివో, ఏ కంపెనీవో చెప్పను. ఆ ఆడవాళ్ళు ఇంకా ఉద్యోగాలు చేసుకోవాలి.

ఈ పాసు ఎందుకు పుట్టిందో ముందు చెప్పుకోవాలి. 1976 సెప్టెంబరులో ఢిల్లీ నుంచి బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాక్ చేసి లాహోరుకి మళ్ళించారు. ఆ తరువాత పాండే కమిటీ చేసిన సిఫారసుల మీద 1978 జనవరిలో పౌర విమానయాన భద్రతా బ్యూరో ఒక చిన్న విభాగంగా మొదలైంది. 1985 జూన్‌లో ఎయిరిండియా కనిష్క విమానం ఆకాశంలోనే పేలిపోయి 329 మంది చనిపోయారు. ప్రయాణికుడు ఎక్కకుండా పెట్టె ఒక్కటే ఎక్కింది, ఆ పెట్టెలో బాంబు ఉంది. 1987 ఏప్రిల్‌లో బ్యూరోని స్వతంత్ర శాఖగా చేశారు. విమానాశ్రయంలో ఎవరెవరు ఎక్కడిదాకా వెళ్ళొచ్చు, పాసు ఏ నియమాల మీద ఇవ్వాలి అన్నది ఈ బ్యూరో నిర్ణయిస్తుంది. విమానం దగ్గరికి వెళ్ళేదెవరో, సామాను ముట్టుకునేదెవరో లెక్క ఉండాలనడం న్యాయమే. పేలుడు జరిగితే ముందు పోయే ప్రాణాల్లో ఊడ్చే మనిషి ప్రాణం కూడా ఉంటుంది. కాబట్టి భద్రత అక్కరలేదని మనం అనడం లేదు.

పాసు ఎలా వస్తుందో చూడండి. ఒక ఆడమనిషి నేరుగా వెళ్ళి నాకు పాసివ్వండి అని అడగడానికి లేదు. ఆమెని పనిలో పెట్టుకున్న ఏజెన్సీ అడగాలి. (ఏజెన్సీ అంటే మనకి రంపచోడవరం కొండలు గుర్తొస్తాయి, ఇక్కడ ఏజెన్సీ అంటే కాంట్రాక్టు కంపెనీ.) ముందు ఆ కంపెనీకి భద్రతా అనుమతి ఉండాలి. కంపెనీ తరఫున సంతకం చేసే అధికారం ఉన్న మనిషి దరఖాస్తు మీద సంతకం పెట్టాలి. ఆమె గుర్తింపు కాగితాలు, పోలీసు వెరిఫికేషన్, భద్రత మీద శిక్షణ, ఇవన్నీ అయ్యాక పాసు వస్తుంది. దాని మీద ఆమె ఫోటో, పేరు, కంపెనీ పేరు, గడువు తేదీ, ఏయే చోట్లకి వెళ్ళొచ్చో చెప్పే అక్షరాలు ఉంటాయి. పనిలో ఉన్నంతసేపూ పైబట్టల మీద కనపడేలా వేసుకోవాలి. పోతే పోలీసులకి ఫిర్యాదు ఇవ్వాలి, జరిమానా కట్టాలి. పని మానేస్తే తిరిగి ఇచ్చెయ్యాలి.

అంటే ఫోటో ఆమెది, పేరు ఆమెది, పోతే శిక్ష కూడా ఆమెదే. పాసు మాత్రం కంపెనీది. నేను ఈ సమస్యని ఇక్కణ్ణించే చూస్తాను.

ఇప్పుడు కాగితాల సంగతి. మన జిల్లాల్లో అన్నవరం దేవుడి పేరు లేని ఇల్లు తక్కువ కదా. పిల్లకి వీర వెంకట సత్య అని మొదలుపెట్టి ఆ చివర అసలు పేరు తగిలిస్తారు. బళ్ళో పూర్తి పేరు రాస్తారు. ఆధార్లో వి.వి.ఎస్. అని మూడక్షరాలు వస్తాయి. బ్యాంకు పుస్తకంలో ఉత్త సత్యవతి. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటివారి ఇంటిపేరు, పెళ్ళయ్యాక తీసుకున్న రేషన్ కార్డులో అత్తింటివారి ఇంటిపేరు. కంప్యూటరుకి వీళ్ళు నలుగురు. మగవాడికి ఈ బాధ సగం ఉండదు, వాడి ఇంటిపేరు పుట్టినప్పటినుంచీ అదే.

బడికి వెళ్ళనివాళ్ళ సంగతి మరీను. పుట్టిన సంవత్సరం ఉరామరిగా చెపితే ఆధార్లో జనవరి 1 అని పడిపోయింది. ఒకే వరసలో కూర్చున్న అయిదుగురు ఆడవాళ్ళు ఒకే రోజు పుట్టారేమిటమ్మా అని ఒక గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు ఖరీదు వాళ్ళకి నెల రోజుల జీతం.

ఆపైన చిరునామా. ఫారంలో ప్రస్తుత చిరునామా, శాశ్వత చిరునామా అని రెండు గళ్ళుంటాయి. ఆడదానికి శాశ్వత చిరునామా ఏది? అమలాపురం దగ్గర పుట్టింది, కొవ్వూరులో ఇచ్చారు, మొగుడితో పడక ఇప్పుడు రాజమండ్రిలో అద్దె గదిలో ఉంటోంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు ఆమె పుట్టిల్లు కోనసీమ జిల్లాలోకి పోయింది, అత్తిల్లు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరిలోకి వచ్చింది. గోదావరికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు తూర్పు గోదావరి అయింది! పాత కాగితాల మీద జిల్లా పేరు ఒకటి, కొత్తవాటి మీద ఇంకొకటి. రాజమండ్రి పేరు కూడా 2015లో రాజమహేంద్రవరం అయింది. ఏ కాగితం ఏ పోలీసు స్టేషనుకి వెళ్ళాలో, అక్కణ్ణించి ఎప్పుడు తిరిగి రావాలో ఆమెకి చెప్పేవాడుండడు. ఫైలు ఎక్కడుందో కంపెనీకి కూడా పట్టదు, ఎందుకంటే ఆ రోజులకి కంపెనీ జీతం ఇవ్వదు.

వేలిముద్రలు ఇంకొకటి. కొత్తగా వస్తున్న పాసుల్లో వేలిముద్రల పద్ధతి పెట్టారు. ఇన్నాళ్ళూ రొయ్యల షెడ్డులో ఐసులో చేతులు పెట్టి పొట్టు వలిచిన మనిషికి వేలిముద్రలు ఎక్కడ మిగిలాయి? రేషన్ డిపోలో మిషను మీద నాలుగుసార్లు వేలు తుడుచుకుని నొక్కడం మీరంతా చూసినదే. షెడ్డు మానేసి కాస్త నీడపట్టున పని దొరికిందని వచ్చిన మనిషిని ఆ షెడ్డే ఇక్కడా వెంటాడుతుంది.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది పూర్వాపరాల విచారణ. మగవాడి విషయంలో పూర్వాపరాలంటే కేసులున్నాయా, గొడవలున్నాయా అని అడుగుతారు. ఆడదాని విషయంలో అదే మాటకి నడవడిక అనే అర్థం వచ్చేస్తుంది. విడిగా ఉంటున్న ఒక అమ్మాయి ఇంటికి కానిస్టేబులు వచ్చి ఆమెనేమీ అడక్కుండా పక్కింటివాళ్ళని, "ఈవిడ రాత్రిపూట ఎన్నింటికి వస్తుంది? ఎవరు దింపుతారు?" అని అడిగాడు. ఆమెది రాత్రి షిఫ్టు. తెల్లవారుజామున వ్యాను దింపుతుంది. ఆ మాట పక్కింటివాళ్ళ నోట ఎలా వచ్చి ఉంటుందో మీరు ఊహించుకోండి. "కార్డు వస్తాదో రాదో గానీ అమ్మగారూ, ఈదిలో తలెత్తుకోడానికి లేకుండా పోయిందండి" అని ఆ అమ్మాయి అంది.

కేసులున్న ఆడవాళ్ళ సంగతి వేరు. కొట్టే మొగుడి మీద ఆమె కేసు పెడుతుంది. వాళ్ళు ఊరుకోరు, ఆడపడుచుని కొట్టిందనో, బంగారం పట్టుకుపోయిందనో కౌంటరు కేసు పెడతారు. మన కేసుల్లో కౌంటరు కేసు లేనివి ఎన్ని? ఆ కేసు తేలడానికి ఏళ్ళు పడుతుంది. అంతవరకూ పోలీసు రిపోర్టులో ఆమె కూడా ముద్దాయి. భర్త నుంచి బయటపడి సొంత కాళ్ళ మీద నిలబడటానికి ఉద్యోగం కావాలి, ఆ ఉద్యోగానికి అడ్డం ఆ భర్త పెట్టిన కేసే.

ఉద్యమాల్లో పెట్టిన కేసులూ ఇంతే. భీమవరం పక్కన తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దని 2016, 17ల్లో ఊళ్ళకి ఊళ్ళు కదిలినప్పుడు ఆడవాళ్ళ మీద కూడా కేసులు పెట్టారు, జైలుకి పంపారు. సారా ఉద్యమం నాటినుంచీ ధర్నాలో కూర్చున్న ఆడదాని పేరు ఏదో ఒక స్టేషను పుస్తకంలో ఎక్కుతూనే ఉంది. రేపు అలాంటి మనిషి పాసుకి పెట్టుకుంటే ఆ కేసు ఎత్తేశారా, కొట్టేశారా అని చూసే ఓపిక ఎవరికుంటుంది? ఒకప్పుడు చట్టమే పుట్టుకతో నేరస్తులన్న ఎరుకల ఆడవాళ్ళకి పూర్వాపరాలు అన్న మాట ఎలా వినపడుతుందో నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక తీర్పు మీకు ఉపయోగపడుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వెరిఫికేషన్ ఫారాల గురించి వివరంగా చెప్పింది. కేసు ఉండటం వేరు, దాచడం వేరు. కేసు చిన్నదా పెద్దదా, ఉద్యోగం ఎలాంటిది, ఇవన్నీ చూసి తేల్చాలి గానీ కేసు ఉందనగానే గుడ్డిగా తోసెయ్యకూడదంది. అది ప్రభుత్వోద్యోగాలకి సంబంధించి వచ్చిన తీర్పు, పాసులకి నేరుగా వర్తిస్తుందని నేననను. కానీ రాతపూర్వకంగా మొర పెట్టుకునేటప్పుడు చెప్పుకోదగిన మాట. అందుకని కేసు ఉందా అని ఫారంలో అడిగితే దాచొద్దని ఆడవాళ్ళకి చెప్పండి. ఎఫ్ఐఆర్ నకలు, కోర్టులో ఏ దశలో ఉందో కాగితం జతచెయ్యండి.

ఇక కాంట్రాక్టరు. పాసు కంపెనీ పేరు మీద ఉంటుందన్నాను కదా. టెండరు గడువు అయిపోయి కొత్త కాంట్రాక్టరు వస్తే ఊడ్చే నేల అదే, చీపురు పట్టుకునే చెయ్యి అదే, సూపర్‌వైజరు కూడా చాలాసార్లు పాతవాడే. పాత పాసు మాత్రం పనికిరాదు. మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ విచారణ. ఆరేళ్ళు పనిచేసిన మనిషి కూడా మళ్ళీ కొత్త మనిషే. మధ్యలో తాత్కాలిక పాసులు ఇచ్చే పద్ధతి ఉంది, కానీ అవి ఎవరికి ఇప్పించాలో నిర్ణయించేది కాంట్రాక్టరు. జీతం పెంచమని అడిగినవాళ్ళ పేర్లు ఆ జాబితాలో ఎందుకో జారిపోతుంటాయి. భద్రతా కారణాలని చెపుతారు. అధికారులు అనని మాట కూడా అధికారులు అన్నారని కాంట్రాక్టరు చెపితే ఆడవాళ్ళు ఎవరిని అడిగి తెలుసుకుంటారు? పాసు ఖర్చు, శిక్షణ ఖర్చు, స్టేషను ఖర్చు అని జీతంలో కోస్తారు, రసీదు ఇవ్వరు.

ఒక సంగతి చెపుతాను. ఒక విమానాశ్రయంలో తుడిచే పని చేసే ఒకామె సూపర్‌వైజరు చేతులు వేస్తున్నాడని ఫిర్యాదు చేసింది. 2013 చట్టం కింద కాంట్రాక్టు కార్మికురాలు కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు, ఆ మాట చట్టంలోనే ఉంది. కమిటీ వేశారు, బాగానే ఉంది. పదిరోజుల్లో ఆమె పేరు డ్యూటీ చార్టులోంచి పోయింది. పని లేదు కాబట్టి పాసు తిరిగి ఇచ్చెయ్యమన్నారు, ఇచ్చేసింది. విచారణకి రమ్మని కబురొచ్చింది. విచారణ జరిగే గది లోపల ఉంది. లోపలికి వెళ్ళాలంటే పాసుండాలి. గేటు దగ్గర అడిగితే సందర్శకుల పాసు ఇస్తాం, లోపల మీ కంపెనీ మనిషి వెంట ఉండాలి అన్నారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న కంపెనీ మనిషి ఎవరనుకున్నారు? ఆ సూపర్‌వైజరే. ఆమె గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చేసింది. ఫిర్యాదుదారు హాజరు కాలేదు అని ఫైల్లో రాశారు.

ఇందులో ఎవరూ ఒక్క నియమం కూడా తప్పలేదు, గమనించండి. అందరూ నియమం ప్రకారమే నడుచుకున్నారు. మేము తరువాత జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి రాసి విచారణ బయట పెట్టించమని అడిగాం. అది ఇంకా నడుస్తోంది.

కోర్టుల సంగతి కొంచెం. విమానాల్లో పనిచేసే స్త్రీల హక్కులనగానే మనందరికీ 1981 నర్గీస్ మీర్జా కేసు గుర్తొస్తుంది. ఎయిర్‌హోస్టెస్ మొదటి గర్భం రాగానే ఉద్యోగం పోవాలన్న నియమాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. అది గాలిలో ఎగిరేవాళ్ళ కేసు. నేల ఊడ్చేవాళ్ళ కేసు మనకంత గుర్తులేదు. కేంద్ర ప్రభుత్వం 1976 డిసెంబరులోనే తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చడం, తుడవడం లాంటి పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించింది. అయినా ఎయిరిండియా కాంట్రాక్టర్లనే పెట్టుకుంటూ వచ్చింది. 1996లో సుప్రీంకోర్టు ఆ ఊడ్చేవాళ్ళని సొంత ఉద్యోగులుగా తీసుకోవాలంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ కె. రామస్వామి మన భీమవరం కాలేజీలో చదువుకున్న మనిషి. అయిదేళ్ళు తిరక్కుండా, 2001లో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీల బెంచి దాన్ని తిరగరాసింది, ఆ 1976 నిషేధాన్ని కూడా కొట్టేసింది. ఆ తీర్పు నిలిచి ఉంటే ఇవాళ పాసు మీద కాంట్రాక్టరు పేరుండేది కాదు. పాసు సమస్యలో సగం అక్కడే తీరిపోయేది.

భద్రత అన్న మాట ముందు కోర్టులు కూడా ఆచితూచి నడుస్తాయి. విమానాశ్రయాల్లో గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేసే ఒక సంస్థ కేసులో 2014లో సుప్రీంకోర్టు, దేశభద్రత విషయంలో కారణాలు చెప్పకపోయినా చెల్లుతుందంది. 2023లో మలయాళ టీవీ చానెల్ కేసులో, దేశభద్రత అన్న ఒక్క మాటతో న్యాయవిచారణని ఎగ్గొట్టడానికి లేదంది. 2025 మే 15న టర్కీకి చెందిన చెలెబీ కంపెనీ భద్రతా అనుమతిని బ్యూరో రద్దు చేసింది. జులైలో ఢిల్లీ హైకోర్టు ఆ రద్దుని సమర్థించింది. ఆ కంపెనీ హైదరాబాదుతో సహా తొమ్మిది విమానాశ్రయాల్లో ఉండేది, వేలమంది పనిచేసేవారు. వాళ్ళని వేరే కంపెనీల్లోకి మారుస్తామన్నారు. రెండు దేశాల మధ్య తగాదాలో సామాన్లు మోసే మనిషి తప్పేముంది? అయినా మెడలో పాసు మీదున్న పేరు ఆ కంపెనీది కదా.

ఇది మన దేశపు జబ్బే అనుకోకండి. అమెరికాలో 2001 సెప్టెంబరు దాడుల తరువాత విమానాశ్రయాల్లో సామాను తనిఖీ చేసేవాళ్ళు పౌరులై ఉండాలని చట్టం తెచ్చారు. ఏళ్ళ తరబడి ఆ పనిలో ఉన్న వలసవాళ్ళు, ముఖ్యంగా శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిలిప్పీన్స్ వాళ్ళు, రోడ్డున పడ్డారు. 2006లో పారిస్ విమానాశ్రయంలో డెబ్బైమందికి పైగా కార్మికుల బ్యాడ్జీలు వెనక్కి తీసుకున్నారు. చాలామంది ముస్లింలు. కొందరు కోర్టుకెళ్ళి తిరిగి తెచ్చుకున్నారు. అనుమానం వచ్చినప్పుడల్లా ఎవరి మెడలో కార్డు ముందు ఊడుతుందో చూస్తే ఏ దేశానికా దేశపు బలహీనులు కనిపిస్తారు.

మనం ఏం అడగాలి? పాసు నిరాకరిస్తే కారణం కాగితం మీద ఇవ్వమనాలి. రహస్యమైనది ఉంటే ఉండొచ్చు, పేరులో ఒక అక్షరం తేడా రహస్యం కాదు కదా. కాంట్రాక్టరు మారినప్పుడు అదే చోట పనిచేసే మనిషికి పాత విచారణే సరిపోవాలి, పాత పాసు గడువుదాకా చెల్లాలి. వెరిఫికేషన్ ఆలస్యమైన రోజులకి కూలి కాంట్రాక్టరు ఇవ్వాలి. ఫిర్యాదు విచారణలో ఉన్న ఆడమనిషి పాసుని కాంట్రాక్టరు మాట మీద తీసుకోకూడదు. ఇందులో ఏదీ భద్రతకి భంగం కాదు.

అవి వచ్చేలోగా చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిమీద మనకున్న అభ్యంతరాలు ఇదివరకు చాలాసార్లు మాట్లాడుకున్నాం, ఇప్పుడు మళ్ళీ ఎత్తను. కానీ వాటిలో నియామక పత్రం ఇవ్వాలని ఉంది, కాంట్రాక్టు కార్మికులు అడిగితే అనుభవ పత్రం ఇవ్వాలని ఉంది. చట్టంలో చెప్పిన కోతలు తప్ప జీతంలో మరేదీ కొయ్యకూడదని ఉంది. ఇవి అడిగి పుచ్చుకోండి. ఆరేళ్ళు చేసిన పనికి ఒక కాగితం అంటూ ఉంటే కొత్త కాంట్రాక్టరు ముందు కొత్త మనిషిలా నిలబడక్కరలేదు. పాసు నంబరు, గడువు తేదీ ఒక పుస్తకంలో రాసుకోమనండి. వెరిఫికేషన్ ఆగిపోతే ఫైలు ఏ తేదీన వచ్చింది, ఏ తేదీన వెళ్ళింది అని స్టేషనుకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. తేదీ అడిగితే చాలాసార్లు ఫైలే కదులుతుంది.

ప్రస్తుతం మా దగ్గర పదకొండు మంది ఆడవాళ్ళ కాగితాలున్నాయి. ఆరుగురివి పేరు తేడాలు, ముగ్గురివి చిరునామా, ఇద్దరివి కౌంటరు కేసులు. కాంట్రాక్టరు మారే గడువు ముంచుకొస్తోంది. భోజనాలయ్యాక కొవ్వూరు, అమలాపురం, కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్ళు కాసేపు ఉండండి. ఆయా స్టేషన్లకి, సచివాలయాలకి వాళ్ళతో పాటు వెళ్ళడానికి మనుషులు కావాలి. సోమవారం నుంచే మొదలుపెడదాం. ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్టు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం నాలుగూ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూడటంతో.